సమ్మర్ అలర్ట్: దాహం వేయట్లేదంటే ఒంట్లో నీళ్లున్నట్టు కాదు.. ఇంట్లో పెద్దవాళ్లు జాగ్రత్త!

బేస్తవారిపేట: ఎండలు ముదిరితే పెద్దవాళ్లకు 'బయటికి వెళ్లొద్దు' అని చెప్పేసి ఊరుకుంటాం. కానీ వడదెబ్బ తగలాలంటే ఎండలోకే వెళ్లక్కర్లేదు. రేకుల ఇంట్లో మంచం మీద పడుకున్నవాళ్లకూ తగలొచ్చు. బేస్తవారిపేట, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో చాలా ఇళ్లలో పిల్లలు పనుల కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయారు. ఇంట్లో ముసలివాళ్లే ఉంటున్నారు. అందుకే ఇక్కడ ముప్పు ఎక్కువ. 2015 మే నెలలో వడగాల్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో వృద్ధులు, కూలీలే ఎక్కువ.

పెద్దవాళ్లకే ఎందుకు?

వయసు పెరిగేకొద్దీ చెమట పట్టడం తగ్గుతుంది. ఒళ్లు త్వరగా చల్లబడదు. ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం సరిగా తెలియదు. బీపీకి వాడే కొన్ని మాత్రల వల్ల మూత్రం ఎక్కువగా పోతుంది. అలాగని మాత్రలు సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ను అడగాలి.

ఇంకో సంగతి ఉంది. పశ్చిమ ప్రకాశంలో బోర్లు ఎండటం, ఫ్లోరైడ్ సమస్య వల్ల క్యాన్ నీళ్లు కొనుక్కునే ఇళ్లు చాలా ఉన్నాయి. నీళ్లు అయిపోతాయని కొందరు, మాటిమాటికీ బాత్రూమ్‌కు లేవలేక కొందరు తాగడమే తగ్గించేస్తారు.

ఏం చేయాలి?

* దాహంతో పని లేకుండా గంటకోసారి కొద్దికొద్దిగా నీళ్లు, మజ్జిగ, రాగి అంబలి ఇవ్వాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి.
* ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసిన కొలత ప్రకారం నీళ్లలో కలపాలి. సగం సగం కలపొద్దు.
* 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది. తడిబట్టతో ఒళ్లు తుడవడం మేలు.
* బ్యాంకు, ఆస్పత్రి పనులు వీలైనంత వరకు ఉదయం పూటే ముగించాలి.
* దూరంగా ఉన్న పిల్లలు రోజూ రెండుసార్లు ఫోన్ చేయాలి. 'నీళ్లు తాగావా' అంటే 'తాగాన్లే' అనేస్తారు. 'పొద్దున్నుంచి ఎన్ని చెంబులు తాగావమ్మా? మూత్రం పచ్చగా వస్తోందా?' అని అడగండి. మాట తేడాగా ఉంటే పక్కింటివాళ్లను పంపండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

ఒళ్లు కాలిపోవడం, సంబంధం లేకుండా మాట్లాడటం, తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. చెమట పడుతున్నా సరే, వడదెబ్బ కాదనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరాలి. మెడ, చంకల్లో చల్లటి తడిబట్టలు పెట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

ఒంటరిగా ఉండే వృద్ధులకు సాయం కావాలంటే ఎల్డర్ లైన్ నంబర్ 14567. ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో గోడ మీద రాసిపెట్టండి.