పడవింటి అడుగున ఓ చిన్న గది

ఇల్లు సర్దుకోవడమంటే మనకి వంటగది, బీరువా, అటక గుర్తొస్తాయి. ఇంజను గది సర్దుకోవడం ఎప్పుడైనా విన్నారా? బర్మింగ్‌హామ్‌లో మా మేనకోడలి దగ్గరకి వెళ్ళినప్పుడు నేను కళ్ళారా చూశాను.

వాళ్ళింటి పక్కనే కాలవ. అందులో రైలు పెట్టెల్లాంటి పడవలు. వెడల్పు ఏడడుగులు కూడా లేదు, పొడవు డెబ్భై అడుగుల దాకా! బొగ్గు, సరుకులు మోయడానికి పద్దెనిమిదో శతాబ్దంలో తవ్విన కాలవలవి. లాకులు అంత ఇరుకు మరి. ఇప్పుడు చాలామందికి ఆ పడవే ఇల్లు.

ఓ పడవలో అరవై దాటినావిడ వెనకవైపు నేల పలకలెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని లోపల తెల్లరంగు వేస్తున్నారు. భార్యాభర్తలు కలిసి ఖాళీ పడవ కొనుక్కున్నారట. పని సగంలో ఉండగా ఆయన పోయారు. "అమ్మెయ్యమన్నారు అందరూ. నేనే పూర్తి చేసుకుంటున్నాను," అన్నారావిడ.

"మసి పట్టే చోట తెల్లరంగేమిటండీ?" అన్నాను.

"అందుకే! నూనె చుక్క కారినా వెంటనే కనబడాలి."

ఆ చిన్న గదిలో ఎంత సంసారముందో! ఇంజను కింద రేకు పళ్ళెం. అందులో పడాల్సిన నూనె అడుగు నీళ్ళలో కలిస్తే, పంపు తోడినప్పుడు కాలవ పాలవుతుంది. ఇంజనుని చల్లార్చే నీళ్ళు పడవ గోడకి అతికిన ఇనప తొట్టిలో తిరిగి, గోడ అవతలి కాలవ నీటి చలవకి చల్లబడతాయి. ఆ వేడిలో కొంత స్నానాల నీళ్ళ ట్యాంకుకి పోతుంది. పడవ నడిస్తే వేన్నీళ్ళు! ఇంజను స్టార్టుకి ఓ బ్యాటరీ, ఇంటి దీపాలకి వేరే బ్యాటరీలు. రాత్రంతా లైటు వేసుకున్నా పొద్దున్న ఇంజను మొరాయించకూడదు కదా.

ప్రొపెల్లర్ ఇరుసు బయటికెళ్ళే చోట గ్రీజు పట్టించిన తాడు చుట్టలు బిగిస్తారు. అవి వదులైతే నీళ్ళొస్తాయి. ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న గుడ్డలూ నాచూ తియ్యడానికి పైన ఓ మూత ఉంటుంది. అది సరిగ్గా బిగించకుండా బయల్దేరి మునిగిపోయిన పడవలున్నాయట. "రెండుసార్లు చూసుకుంటాను," అన్నారావిడ.

అసలు భయం పొగతో. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే పొగ గొట్టం అతుకులు గట్టిగా బిగించి, వేడికి తాళే పట్టీ చుట్టాలి. ఆ వాయువుని కనిపెట్టే అలారం 2019 ఏప్రిల్ నుంచి అక్కడి పడవిళ్ళలో తప్పనిసరి. నాలుగేళ్ళకోసారి భద్రతా తనిఖీ ఉంటుంది.

ఆడవాళ్ళకిదేం కొత్త కాదన్నారావిడ. రెండో ప్రపంచ యుద్ధంలో ముగ్గురేసి ఆడవాళ్ళు సరుకు పడవలు నడిపారు. వాళ్ళ బ్యాడ్జి మీది 'ఐ.డబ్ల్యు.' అంటే 'ఇన్‌లాండ్ వాటర్‌వేస్'. జనం మాత్రం 'ఐడిల్ విమెన్', అంటే పనీపాటా లేని ఆడవాళ్ళన్నారట! టన్నుల కొద్దీ సరుకు మోసిన వాళ్ళని!

ఇంటికి తిరిగొచ్చాక మొదట చేసిన పని, స్టవ్ వెనక వంగి గ్యాసు ట్యూబు మీది తేదీ చూడడం. అయిదేళ్ళకి మార్చాల్సింది, ఏడాది దాటిపోయింది. రోజుకి మూడుసార్లు దాని ముందే నిలబడతాను!

మీరూ ఓసారి వంగి చూడండి.