ఇంటితో సహా ఎడారికి

ఎడారి అనగానే మనకు మండుటెండ, ఇసుక గాలి, నాలుక పిడచగట్టే దాహము గుర్తుకు వస్తవి. అటువంటి చోటికి విశ్రాంతి కోసం పోయేవారు కూడ వుంటారా అని సందేహం కలుగుతుంది. కాని అమెరికా దేశంలో చలికాలం వచ్చిందంటే, ఉత్తరాది రాష్ట్రాలనుంచి, కెనడానుంచి వేలాది కుటుంబాలు మంచు తప్పించుకునేందుకు ఇల్లు వెంటబెట్టుకుని మరీ ఎడారికి దిగుతవి. అందులో ఎక్కువమంది ఉద్యోగాలు విరమించిన పెద్దలు. వారిని అక్కడ ముద్దుగా ‘స్నోబర్డ్స్’, అంటే మంచు పిట్టలు, అంటారు. 2024 జనవరిలో మేమున్నూ ఆ పిట్టల గుంపులో కలసి తొమ్మిది రోజులు గడిపి వచ్చాము. బిడ్డలో, తోబుట్టువులో ఆ దేశంలో వున్న కుటుంబాలు మనలో చాలా వున్నవి కనుక, ఆ వివరాలు పాఠకులకు పనికివస్తవని వ్రాస్తున్నాము.

ప్రయాణం ఎట్లా కుదిరింది

మేము మూడు తరాలుగా బళ్ళారిలో స్థిరపడిన వాళ్ళము. మా మరదలు, తోడల్లుడు అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్సు నగరంలో వుంటారు. ఆఫీసులో కూడబెట్టుకున్న సెలవంతా పెట్టి, మేమిద్దరమూ వారింటికి వెళ్ళాము. గ్రాండ్ కాన్యన్, లాస్ వేగాస్, లాస్ ఏంజిలిస్ అన్నీ చూడాలని చీటీ కూడ వ్రాసుకున్నాము.

అయితే వారింట్లో సింగడని ఒక కుక్క వున్నది. పదకొండేళ్ళ వయస్సు. వెనుక కాళ్ళ కీళ్ళు పట్టేసినవి. ఎవరికైనా అప్పగించి పోతే అన్నం ముట్టడు. మా మరదలు సంకోచిస్తూనే, “బావగారూ, ఊళ్ళు తిరగడం మరోసారి పెట్టుకుందాం. వీడికి యిదే ఆఖరి చలికాలమేమో. వీడు కూడ రాగలిగిన చోటికి పోదాం” అన్నది. మా ఇంటావిడ వెంటనే సరేనన్నది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాము.

బండి వైనం

అక్కడ ‘ఆర్.వీ.’ అనే బండి నిజానికి లారీ చట్రం మీద కట్టిన చిన్న ఇల్లు. మా తోడల్లుడిది పాతది కొన్న బండి, 24 అడుగుల పొడవు. వెనుక ఒక మంచము, డ్రైవరు నెత్తిమీద ఒక పడక, మధ్యలో గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాల గది. కప్పు మీద సూర్యరశ్మితో కరెంటు తీసే పలకలు. మన పెద్దలు గూడుబండి కట్టుకుని, వంటపాత్రలు, బియ్యం మూటలు వేసుకుని, కుక్కను బండి కింద నడిపించుకుంటూ జాతరలకు పోయేవారు కదా. అదే పద్ధతి, ఎద్దులు మాత్రం లేవు. సింగడు బండి కింద కాక, పరుపు మీద ప్రయాణం చేశాడు. మా మరదలు చిన్న కారులో వెనుక వచ్చింది.

ఫీనిక్సునుంచి పడమటి దిక్కుగా పెద్ద రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు పోతే క్వార్ట్‌జైట్ అనే చిన్న ఊరు వస్తుంది. 2020 జనాభా లెక్కల్లో ఆ ఊరివారు 2,400 పైచిలుకు. చలికాలంలో మాత్రం చుట్టూ ఎడారి నిండా బండ్లే. ఊరికి దక్షిణాన లా పోసా అనే ప్రభుత్వ భూమి వున్నది. 1983నుంచి అటువంటి కొన్ని చోట్ల సెప్టెంబరు 15నుంచి ఏప్రిల్ 15దాకా బండ్లు నిలుపుకోనిస్తున్నారు. మేము వెళ్ళిన ఏడు, ఆ ఏడు నెలలకు 180 డాలర్లు, పద్నాలుగు రోజులకైతే 40 డాలర్లు రుసుము. మేము 40 డాలర్లు కట్టాము. ఆ రుసుములోనే మంచినీళ్ళు పట్టుకునే చోటు, మురుగు వదిలే చోటు, చెత్తకుండీలు వున్నవి. కరెంటు లేదు. గీతలు గీసిన స్థలాలూ లేవు. నచ్చిన చోట ఆగడమే.

ఒక్క నియమం తప్పక పాటించాలి. ఎంత ఎండిపోయి కనిపించినా వాగులో బండి నిలపరాదు. ఎక్కడో కొండమీద వాన పడితే, ఇక్కడ మబ్బు తునక లేకపోయినా నీరు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మా తోడల్లుడు గట్టుమీద గట్టి నేల చూచుకుని, ఇసుక పొడలేని చోట ఆపాడు.

నీళ్ళ లెక్క

మేము గుమాస్తాలం గనుక లెక్కల పుస్తకం మాకే అప్పగించారు. బండి తొట్టిలో పట్టేవి సుమారు 150 లీటర్లు. తాగడానికి, వంటకు వేరే డబ్బాల్లో 75 లీటర్లు. ఐదు రోజులకు ఒకసారి నింపుకోవాలని నిర్ణయించుకున్నాము. కాబట్టి రోజుకు తొట్టినుంచి 30 లీటర్లు: అంట్లకు పది, నలుగురి ఒళ్ళు తుడుచుకోవడానికి పన్నెండు, మిగిలిన వాటికి ఎనిమిది. డబ్బాలనుంచి మనుషులకు పన్నెండు, సింగడికి ఒకటిన్నర. బళ్ళారిలో కొళాయి దగ్గర బిందెలు వరుసగా పెట్టుకుని పెరిగిన మాకు యీ లెక్క కష్టమనిపించలేదు.

కరెంటుకూ యిట్లాగే లెక్క. పగలు ఎండ సుమారు ఇరవై డిగ్రీలు, హాయిగా వుంటుంది. రాత్రి నాలుగైదు డిగ్రీలకు దిగుతుంది. రాత్రంతా వెచ్చటి గాలి వేసే యంత్రం నడిపితే తెల్లవారేసరికి బ్యాటరీ చల్లబడుతుంది. అందుకని దుప్పట్లు రెండేసి కప్పుకున్నాము. మిక్సీ మాట ఎత్తలేదు. జొన్నరొట్టె, ఇంటినుంచి కొట్టి తెచ్చిన పల్లీల పొడి, ఆవకాయ, ఒకపూట పెసరపప్పు అన్నం. పాత్రలు తక్కువ, అంట్లు తక్కువ, నీళ్ళు తక్కువ.

చిత్రమేమంటే, లెక్క రాత్రి ఎనిమిదికల్లా ముగిసేది. ముగిసిన తరువాత యింక చేయవలసిన పని అంటూ వుండేది కాదు. దీపం ఆర్పి బయట కుర్చీలు వేసుకుంటే, దుమ్ము లేని ఆకాశంలో చుక్కలు చేతికి అందుతాయన్నట్టు వుండేవి. దూరంగా కొయోటీలనే నక్కజాతి జంతువులు కూసేవి. సింగడు చెవులు నిక్కించి, మా కాళ్ళ మధ్యకు జరిగేవాడు.

సింగడి వెంట

పొద్దున నడక సింగడి అడుగుల ప్రకారమే. పది అడుగులు వేసి నిలబడతాడు, మేమూ నిలబడాలి. అట్లా నిలబడినందువల్లనే చూడగలిగినవి చాలా వున్నవి. సగువారో అనే స్తంభాల వంటి కాక్టస్ చెట్లు నూటయాభై ఏళ్ళు కూడ బ్రతుకుతవి. చాలావాటికి కొమ్మ వేయడానికే యాభై, డెబ్బై ఏళ్ళు పడుతుంది. పాలో వెర్డీ అనే చెట్టుకు ఆకు రాలిపోయినా కొమ్మలే పచ్చగా వుంటవి. మెస్కీట్ అనే చెట్టును చూచి మాత్రం మా ఇంటావిడ “ఇది మన ఊరిదే!” అన్నది. నిజమే. మన సర్కారుతుమ్మ దానికి దాయాది. ఆ తుమ్మ కూడ అమెరికా ఖండాలనుంచి మన దేశానికి వచ్చినదే. కన్నడంలో దానికి మా ఊరి పేరే పెట్టి బళ్ళారి జాలి అంటారు.

కుక్కతో పోయేవారు తెలుసుకోవలసినవి కొన్ని చెబుతాము. అక్కడ ఆరడుగులకు మించని తాడుతో పట్టుకుని వుండాలి. నేషనల్ పార్కుల్లో చాలాచోట్ల కాలిబాటల మీదికి కుక్కల్ని రానివ్వరు, కనుక ముందే విచారించుకోవాలి. నేల తవ్వనీయరాదు. అరిజోనా మట్టిలో వుండే ఒక బూజు దుమ్ముతో లోపలికి పోయి ‘వ్యాలీ ఫీవర్’ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. అది మనుషులకూ వస్తుంది, కుక్కలకూ వస్తుంది. చలికాలంలో పాములు తక్కువే గాని, ఎండ కాసిన మధ్యాహ్నం బయటికి రావచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసినది చోయా అనే ముళ్ళ కాక్టస్. దాని ముక్కలు తాకీతాకకముందే ఊడివచ్చి అంటుకుంటవి. మూడవ రోజున సింగడి ముందుకాలికి ఒకటి పట్టుకుంది. వాడు నోటితో లాగబోతే పెదవికీ అంటుకుంది. చేత్తో తీయబోతే మన వేళ్ళకు గుచ్చుకుంటుంది. మా మరదలు వాడి తల ఒళ్ళో అదిమిపట్టుకుంటే, తోడల్లుడు వెడల్పు పళ్ళ దువ్వెన ముల్లుబంతి కిందికి దూర్చి ఒక్క ఎత్తున ఎగరగొట్టాడు. మిగిలిన ముళ్ళు పట్టకారుతో తీశారు. అరగంట పట్టింది. ఆనాటినుంచి దువ్వెన మా జేబులోనే వున్నది.

హాజీ అలీ సమాధి

ఆ ఊరి శ్మశానంలో రాళ్ళతో కట్టిన పిరమిడ్ ఒకటి వున్నది. దాని కొనమీద లోహపు ఒంటె బొమ్మ. అది హాజీ అలీ అనే ఒంటెల కాపరి సమాధి. 1856లో అమెరికా సైన్యంవారు ఎడారి ప్రయాణాలకు పనికివస్తవని దూరదేశాలనుంచి ఒంటెలను ఓడలో తెప్పించినప్పుడు ఆయన వాటితో వచ్చాడు. తరువాత అంతర్యుద్ధం రావడంతో ఆ ప్రయత్నం మూలబడింది. ఒంటెలు చెల్లాచెదురైనవి. ఆయన మాత్రం అక్కడే నిలిచిపోయి 1902లో చనిపోయాడు. 1935లో యీ కట్టడం లేచింది. హాజీ అలీ అనే పేరు అక్కడివారి నోట పడి ‘హై జాలీ’ అయింది. సమాధి మీద కూడ అదే పేరు. పొరుగు రాష్ట్రాల రికార్డుల్లో మన ఇంటిపేర్లు పడే పాట్లు తెలిసిన వాళ్ళం గనుక, అక్కడ కొంతసేపు వుండిపోయాము.

ఎత్తని కిటికీ తెర

మాకు యాభై గజాల దూరంలో ఒక ముసలావిడ తెల్లటి చిన్న బండిలో ఒంటరిగా వుండేది. వెంట ఒక బుల్లి కుక్క. భర్త పోయి నాలుగేళ్ళయిందట. ఆ చుట్టుపక్కల వారిలో ఒక ఒప్పందం వున్నది. రోజూ ఎనిమిది గంటలకల్లా ఆమె కిటికీ తెర ఎత్తాలి. ఎత్తకపోతే ఎవరో ఒకరు పోయి తలుపు తట్టాలి.

ఏడవనాటి ఉదయం ఎనిమిదిన్నరైనా తెర లేవలేదు. లోపల కుక్క మొరుగుతున్నది. మా తోడల్లుడు, పక్కబండి పెద్దమనిషి పోయి పిలిస్తే ఆమె కష్టంమీద గడియ తీసింది. ఒళ్ళు కాలిపోతున్నది, ఎగశ్వాస. ఆసుపత్రి ఉత్తరాన పార్కరు పట్నంలో, 35 మైళ్ళ దూరం. కారు వున్నది మాకే. ఆమె మాత్రం కదలనన్నది. “కుక్కను ఎవరు చూస్తారు?” అన్నదొకటే మాట. మా మరదలు ఆ కుక్కను ఎత్తుకుని, “నువ్వు వచ్చేదాకా మాదే” అన్న తరువాతనే కారెక్కింది. కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ మనం చిన్నప్పుడే విన్నాము. ఆసుపత్రికి రానన్న మనిషిని అక్కడ చూచాము.

బండి తలుపు లోపలివైపు ఆమె ఒక కాగితం అంటించి పెట్టుకున్నది. తనకు ఏమైనా అయితే ఎవరికి ఫోను చేయాలి, తాను వేసుకునే మందులేవి, కుక్కకు పెట్టే తిండి ఎంత, పూటకు ఎన్నిసార్లు, అన్నీ పెద్ద అక్షరాలతో వ్రాసి వున్నవి. ఆ కాగితం ప్రకారమే రెండు రోజులు నడిపాము. సింగడు మొదట గుర్రుమన్నాడు. రాత్రి చలికి రెండూ ఒకే పరుపు మీద పడుకున్నవి. మా పుస్తకంలో ‘అతిథి — అర లీటరు’ అని కొత్త పద్దు చేరింది. ఆ సాయంత్రమే ముఖపరిచయం కూడ లేని ముగ్గురు, ఒకరి తరువాత ఒకరు, నీళ్ళ డబ్బాలు తెచ్చి మా మెట్టు దగ్గర పెట్టి పోయారు.

అక్కడ వున్నవారందరూ సరదాకు వచ్చినవారు కారు. ఇంటి అద్దె భరించలేక బండినే ఇల్లు చేసుకున్న పెద్దలు వున్నారు. వారి సంగతులే జెస్సికా బ్రూడర్ అనే రచయిత్రి 2017లో ‘నోమాడ్‌లాండ్’ అనే పుస్తకంలో వ్రాసింది. దాన్ని తీసిన సినిమాకు 2021లో ఆస్కార్ ఉత్తమ చిత్ర బహుమతి వచ్చింది. కలిగినవారూ లేనివారూ పక్కపక్కనే వుంటారు. నీళ్ళ లెక్క మాత్రం అందరికీ ఒక్కటే.

తొమ్మిదవ రోజు ఉదయం ఆమె తిరిగి వచ్చింది. ఊపిరితిత్తులకు చేసిన జబ్బుకు మందులు యిచ్చి పంపారు. బలహీనంగా వున్నా, ఆమెను చూడగానే ఆ బుల్లి కుక్క చేసిన గంతులకు కూర్చోవలసి వచ్చింది. మేము మధ్యాహ్నం బయలుదేరాము.

వెళ్ళదలచిన వారికి

నవంబరునుంచి మార్చిలోపల పోవాలి. వేసవిలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. ఒకచోట కనీసం ఐదు రోజులుండండి. రోజుకో ఊరు పెట్టుకుంటే రోడ్డే మిగులుతుంది. నీళ్ళ పుస్తకం ఒకరు వ్రాయాలి, అందరూ చూడాలి. దువ్వెన, పట్టకారు, మందుల పెట్టె చేతికి అందేచోట వుండాలి. పొయ్యి వెలిగించినప్పుడు కిటికీ కొంచెం తెరవాలి, విషవాయువును పసిగట్టే గంట పనిచేస్తున్నదో లేదో ముందే చూచుకోవాలి. తలుపు లోపలివైపు కాగితం అంటించడం మరువవద్దు. మేము ఊరికి రాగానే, ఒంటరిగా వుంటున్న మా పెద్దత్తయ్యగారి తలుపుకూ అటువంటిదొకటి వ్రాసి అంటించాము. పక్కింటివారితో కిటికీ ఒప్పందం కూడ కుదిర్చాము.

సింగడు యీ చలికాలమూ వున్నాడని మా మరదలు మొన్న వ్రాసింది.