201 నిమిషాల తేడా

తెలంగాణలో టీచరు పోస్టుల భర్తీకి 2017 అక్టోబరు 21న 8,792 ఖాళీలతో ప్రకటన వచ్చింది. పరీక్షలు 2018లో ముగిశాయి. ఆ తర్వాత మళ్లీ టీచర్ల నియామక పరీక్ష (డీఎస్సీ) మొదలైంది 2024 జులై 18న. మధ్యలో 2023లో 5,089 పోస్టులకు ఒక నోటిఫికేషన్ వచ్చినా, పరీక్ష పెట్టకుండానే రద్దు చేసి 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు. గ్రూప్-1 రాసినవాళ్లు పడిన బాధా తక్కువది కాదు. 2022 నాటి 503 పోస్టుల నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది. చివరికి కొత్త నోటిఫికేషన్‌తో 563 పోస్టులకు మెయిన్స్ జరిగింది 2024 అక్టోబరు 21 నుంచి 27 వరకు. పాలమూరు పల్లెల్లో అవి పత్తి తీసే రోజులు.

డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు. ఇంటర్ తర్వాత ఆగకుండా చదివినా 23 ఏళ్లు నిండుతాయి. 2018లో బీఈడీ పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చిన అమ్మాయికి ఆ ఆరేళ్లలో పెళ్లయి, కాపురం కుదురుకుని, ఇద్దరు పిల్లలు పుట్టేందుకు సరిపడా కాలం గడిచింది. ఆమె భర్తా గ్రూప్స్‌కు చదువుతుంటే, ఒకే ఇంట్లో రెండు నిరీక్షణలు.

నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల మండలంలో ఇలాంటి జంట పరిస్థితి ఏమిటో చూద్దాం. 2016 అక్టోబరు దాకా ఇది పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో భాగం. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది ఆ జిల్లాయే. మగవాళ్లలో 65.21 శాతం, ఆడవాళ్లలో 44.72 శాతం. అందుకే ఇంట్లో పోటీ పరీక్షల పుస్తకం పట్టిన మొదటి ఆడమనిషి కోడలే కావడం ఇక్కడ వింత కాదు. "ఈసారి వానికి కొలువు రానీ బిడ్డా, పై ఏడు నువ్వు సదువుదువు" అంటుంది అత్త. ఆ మాటలో దుర్బుద్ధి లేదు. కానీ ఆ 'పై ఏడు' ఏ ఏడో ఎవరూ చెప్పరు. చిక్కంతా అక్కడే ఉంది.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. అదీ ఇంటి పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటే, అసలు పెట్టనివాళ్లు ఈ లెక్కలోకి రారు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే సమయం వేరే లెక్క. తేడా రోజుకు 201 నిమిషాలు. ఏడాదికి 1,222 గంటలు. రోజుకు నాలుగు గంటలు చదివే అభ్యర్థికి అది 305 రోజుల చదువు. అంటే ఇద్దరూ ఒకే రోజు పుస్తకం తెరిచినా, ఏడాది తిరిగేసరికి ఆమె దాదాపు పది నెలలు వెనకబడి ఉంటుంది. తెలివి తక్కువై కాదు, వంటింట్లో ఉండి.

ఇప్పుడు టీచరు పోస్టుకు ముందు రాయాల్సిన అర్హత పరీక్ష, టెట్ సంగతి చూడండి. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. బీఈడీ వాళ్లు రాసే పేపర్-2లో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్, ఒక్కోదానికి 30 మార్కులు, గణితం-సైన్సు లేదా సాంఘిక శాస్త్రానికి 60. పాఠాలైతే ముక్కలు ముక్కలుగా, అన్నం ఉడికేలోపు కొంత, బిడ్డ నిద్రపోయాక కొంత చదువుకోవచ్చు. మాక్ టెస్టు అలా కుదరదు. ఫోనులో నలభయ్యో ప్రశ్న దగ్గర ఉండగా బిడ్డ లేస్తే టైమరు ఆగదు. లేచి పాలు పట్టి వచ్చేసరికి పావుగంట పోతుంది. శిశు వికాసం ప్రశ్నలు చేస్తూ శిశువు కోసం పరీక్ష వదిలేసిన తల్లి ఇక ఆ రోజు మళ్లీ మొదలుపెట్టదు. ఆమెకు కావలసింది ఎవరూ పిలవని రెండున్నర గంటలు. ఇంటి పని ఇద్దరూ సమంగా పంచుకుంటే ఆమెకు రోజుకు నూరు నిమిషాలు, వారానికి 700 నిమిషాలు మిగులుతాయి. నాలుగు మాక్ టెస్టులు రాసి, తప్పులు సరిచూసుకోవడానికీ కాస్త సమయం ఉంటుంది.

నా అభిప్రాయంలో పిల్లలు చిన్నగా ఉన్న ఇంట్లో ముందు పట్టాల్సింది టెట్టే. దాని స్కోరు జీవితాంతం చెల్లుతుంది. ఏడాదికి రెండుసార్లు నిర్వహించాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. డీఎస్సీలో 80 మార్కులు పరీక్షకైతే 20 టెట్ వెయిటేజీకి. టెట్‌లో 90 వచ్చినామె మళ్లీ రాసి 120 తెచ్చుకుంటే వెయిటేజీ 12 నుంచి 16కు పెరుగుతుంది. పాయింట్లలో పోస్టు చేజారే పోటీలో నాలుగు మార్కులు మాటలా? గ్రూప్స్ చదువు అలా నిలవ ఉండదు, కరెంట్ అఫైర్స్ ఏడాదికే పాతబడతాయి.

వయసు దాటిపోతుందన్న భయం మాత్రం చాలావరకు అనవసరం. యూనిఫాం కొలువులు కాకుండా మిగతావాటికి గరిష్ఠ వయసును 2024లో రెండేళ్ల కాలానికి 46కు పెంచారు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు మరో ఐదేళ్లు. అయిపోయేది వయసు కాదు, డబ్బూ ఓపికా.

2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కాబట్టి అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వెళ్లిరావడానికి ఖర్చు తగ్గింది.

భర్తలకు ఒక విన్నపం. వచ్చే టెట్ తేదీ ప్రకటించగానే దాన్ని గోడ క్యాలెండరులో ఆమె పేరుతో రాయండి. ఆ తేదీకి ముందు మూడు నెలలు, వారానికి నాలుగు సాయంత్రాలు వంట, పిల్లలు మీ వంతు. మీ పరీక్ష వచ్చినప్పుడు ఆమె అదే చేసింది.