మీకు తెలుసా? బేస్ గిటార్ నెక్‌లో ఉక్కు కడ్డీ ఉంటుంది

బేస్ గిటార్ నాలుగు తీగలూ కలిసి నెక్‌ను 70 కిలోలకు పైగా బలంతో లాగుతాయి. ఎంత గట్టి మేపుల్ చెక్కయినా ఆ లాగుడుకు కొంత వంగుతుంది. అందుకే లోపల గాడి తీసి ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని అమరుస్తారు; దాని చివరి మరను తిప్పి వంపు సరిచేస్తారు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ నెక్ వెనుక కనిపించే ముదురు గీత, చాలామంది అనుకున్నట్టు సోకు కాదు, ఆ గాడిని మూసిన వాల్‌నట్ చెక్క.

ఇంట్లో నెక్ చేసుకునేవాళ్లకు అసలు పరీక్ష నెక్ మీద అడ్డంగా ఉండే సన్నని లోహపు పట్టీల, అంటే ఫ్రెట్ల దగ్గరే. మిగిలిన తీగ పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం తెలుస్తుంది. తీగ పొడవు 34 అంగుళాలైతే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా 17 అంగుళాల దగ్గర పడాలి. ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోతే చిన్న తేడాలే పోగవుతాయి. అన్నింటినీ పైన తీగలు ఆనే నట్ నుంచే కొలవాలి.