రావణుడి ముఖానికి ఏ రంగు?

విజయదశమి సాయంత్రం ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రావణ మైదానంలో కాలిపోయే బొమ్మతో మేకప్‌వాళ్లకు ఏ పేచీ లేదు. బుర్రమీసాలు, గుడ్లురిమే కళ్లు, పది తలలు ఉంటే చాలు, వాడు దుర్మార్గుడని మైదానం అవతలి గట్టుకు కూడా తెలిసిపోతుంది. చిక్కంతా రావణుణ్ణి నాటకంలోకి తెచ్చినప్పుడే. వేదం చదివినవాడు, శివభక్తుడు, వీణ వాయించేవాడు, పరాయి ఆలిని ఎత్తుకొచ్చినవాడు. ఈ నలుగురూ ఒక్క ముఖంలోనే ఇమడాలి.

రైల్వే ఊళ్లో ఆ చిక్కు మరికాస్త ముదురుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఇక్కడ తెలుగువాళ్లున్నారు, వాళ్ల పక్క క్వార్టర్లలో బెంగాలీలు, హిందీవాళ్లు. ఎవరి రావణుడు వాళ్లకున్నాడు. దసరాకి రామలీల చూసేవాళ్లకు వాడు తగలబెట్టాల్సినవాడు. బెంగాలీలకు మైకేల్ మధుసూదన్ దత్ 1861లో 'మేఘనాదవధ కావ్యం' రాసి, కొడుకును పోగొట్టుకున్న తండ్రిని చూపించాడు. మనకు 1958లో 'భూకైలాస్', 1961లో 'సీతారామ కల్యాణం' వచ్చాయి. రెంటిలోనూ రావణుడు ఎన్.టి.రామారావే. ఆ తర్వాత తెలుగు ప్రేక్షకుడు అందం లేని రావణుణ్ణి ఒప్పుకోవడం కష్టమే.

మంచీ చెడూ రెండూ చూపించమనగానే సగం ముఖం తెలుపు, సగం నలుపు పూసేస్తారు కొందరు. ఫొటోకి బాగుంటుంది గానీ, నటుడు పక్కకు తిరిగితే మిగిలేది ఒక్క రంగే. కథకళివాళ్లు ఈ లెక్క ఎప్పుడో తేల్చారు. వాళ్ల రావణుడు 'కత్తి' వేషం. ముఖమంతా ఉత్తమ నాయకుడికి పూసే ఆకుపచ్చే. దాని మీద ముక్కు పక్క నుంచి చెంపల మీదికి కత్తిలా వంపు తిరిగిన ఎర్రచార, ఆ చారకు తెల్లటి అంచు. ముక్కు కొసన, నుదుటి మీద తెల్లటి బుడిపెలు. చుండ అనే మొక్క పువ్వులోంచి తీసిన గింజలాంటిదాన్ని కంటిరెప్ప కింద పెట్టుకుంటే కళ్లు ఎర్రబారతాయి. గొప్పవాడే, ఆ గొప్పలోంచే కత్తి మొలిచింది. పచ్చదనాన్ని తుడిచేయలేదు, అదే ముఖ్యం.

మన నాటకానికి అంత సరంజామా అక్కర్లేదు. కనుబొమ లోపలి కొసను ముక్కు వైపు దించితే కోపం, బయటి కొసను పైకి లాగితే అహంకారం. కానీ సీనుకూ సీనుకూ మధ్య దొరికేది నాలుగు నిమిషాలు. కనుబొమలు చెరిపి మళ్లీ గీస్తూ కూర్చుంటే హార్మోనియం అతను తెర ముందు ఎంతసేపని వాయిస్తాడు? అందుకే మొదటే పూజ సీనుకూ కొలువు సీనుకూ సరిపోయే ముఖం వేసి, చటుక్కున మార్చగలిగినవే మార్చాలి: కిరీటం, విభూతి, ఉత్తరీయం.

ఏది మార్చకూడదో వాల్మీకిని చూస్తే తెలుస్తుంది. సుందరకాండలో హనుమంతుడు రావణుణ్ణి నిద్రలోనూ, కొలువులోనూ దగ్గరగా చూస్తాడు. శయ్య మీద నిద్రపోతున్నప్పుడు ఒక్క తల, రెండు చేతులు. కొలువులో పది తలలు. అయినా రెండు చోట్లా ఒంటికి ఎర్రచందనమే. నిద్రలో ఉన్నవాడి ఒంటి మీద ఇంకొకటి కూడా కనబడుతుంది: ఐరావతం దంతాలు దిగిన మచ్చలు, వజ్రాయుధం గీరిన భుజాలు, విష్ణుచక్రం తగిలిన గుర్తులు. నాకు తెలిసి ఈ గాట్లను రంగు వేసేవాళ్లు పెద్దగా పట్టించుకోరు, ఎందుకో మరి. ముదురు గోధుమరంగుతో గీత గీసి, అంచున సన్నగా లేతరంగు తాకిస్తే గాయం మానిన మచ్చ వచ్చేస్తుంది. ఒకసారి వేస్తే నాటకం చివరిదాకా ఉంటుంది. పూజలో విభూతి రేఖల పక్కన అది తపస్సుకు పడ్డ శ్రమలా ఉంటుంది. కొలువులో బిరుదులా మెరుస్తుంది.

ఇక అరణ్యకాండలో సీత ముందుకు వచ్చేవాడు కాషాయం కట్టి, గొడుగు, పావుకోళ్లు, దండం, కమండలంతో సన్యాసిలా వస్తాడు. ఆ వేషానికి ముఖం మీద రంగు మరీ తగ్గించాలి. మచ్చను మాత్రం చెరపకూడదు, కాషాయం కప్పుతుంది. ఆ బట్ట ఏ మాట దగ్గర భుజం మీంచి జారాలన్నది మేకప్‌ అతను కాదు, దర్శకుడు తేల్చుకోవాలి.