కిన్నెర బుర్ర, గిటారు పెట్టె

పన్నెండు మెట్ల కిన్నెరకున్న ఎండు సొరబుర్రలు విప్పేస్తే మిగిలేది ఒక వెదురు బొంగు, దానిమీద లాగి కట్టిన తీగ. ఆ తీగను ఎంత గట్టిగా మీటినా ఆనుకుని కూర్చున్నవాడికి తప్ప వినపడదు. అంత సన్నటి తీగ గాలిని కోసుకుపోతుందే గానీ కదిలించలేదు. కదిలించేది బుర్ర. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట వాసి దర్శనం మొగిలయ్య ఈ వాద్యంతోనే 2022లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. ఆ కిన్నెర నాదంలో తీగ వాటా ఎంత, బుర్ర వాటా ఎంత అని ఎవరైనా అడిగితే శ్రుతి తీగది, గొంతు బుర్రది అని చెప్పాలి. కొత్తగా ఎలక్ట్రిక్ గిటారు కొన్నవారికి ఇవాళ ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతోంది. అసలు సిసలు వాల్వు యాంప్ కొనాలా, ప్రీయాంప్ పెడల్ సరిపోతుందా, యాంప్ గొంతును అనుకరించే డిజిటల్ మోడలర్ తీసుకోవాలా? ఈ ప్రశ్నకు జవాబు సొరబుర్రలోనే ఉందని నా వాదన.

బుర్ర తీగకు కొత్త బలమేమీ ఇవ్వదు. తీగలో ఉన్న బలాన్నే తొందరగా గాలిలోకి దింపుతుంది. అందుకే గట్టిగా పలికే వాద్యంలో స్వరం తొందరగా ఆరిపోతుంది. మామూలు మాండొలిన్ సంగతి చూడండి. నాలుగు జంట తీగలు, చిన్న చెక్క డొక్క, మీటగానే మోగి ఆగిపోయే స్వరం. స్వరాన్ని నిలపాలంటే మీటుతూనే ఉండాలి. గమకం ఊగడానికి అందులో చోటే లేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ వాద్యం మీద కర్ణాటక సంగీతం పలికించాలని పూనుకున్నప్పుడు జంట తీగలు మాని అయిదు ఒంటి తీగలు కట్టుకున్నారు, విద్యుత్ మాండొలిన్ పట్టుకున్నారు. దాని గట్టి చెక్క తీగ బలాన్ని తాగేయదు కాబట్టి స్వరం చాలాసేపు నిలుస్తుంది. వినిపించే బాధ్యతను పికప్, యాంప్, స్పీకర్ తీసుకుంటాయి. పాశ్చాత్య వాద్యం, పైగా కరెంటు వాద్యం అని అభ్యంతరం చెప్పినవారికి ఆయన గమకాలే జవాబు చెప్పాయి. ఇక్కడ డొక్క పోయింది గానీ డొక్క చేసే పని పోలేదు. అది తీగ దగ్గర నుంచి లేచి, వైరు వెంట నడిచి, స్పీకర్ పెట్టెలోకి చేరింది.

ఆ వైరు మధ్యలో కూర్చున్న వాల్వు కథ 1904లో మొదలైంది. ఆ ఏడాది ఇంగ్లండులో ఆంబ్రోస్ ఫ్లెమింగ్ గాలి తీసేసిన గాజుబుడ్డిలో రెండు కొనలు పెట్టి, కరెంటు ఒకే వైపుకు పారేలా చేశాడు. రెండేళ్లకు అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య సన్నటి జల్లెడ తీగ ఒకటి చేర్చాడు. డిండి జలాశయం తూము దగ్గర నిలబడితే దీని కిటుకు అర్థమవుతుంది. తలుపు కొద్దిగా జరిపేవాడి బలం కొంచెమే, దాని మాట విని కదిలే నీటి బలం అపారం. గిటారు పికప్ ఇచ్చేది వోల్టులో చిన్న భాగం. ఆ చిన్న ఊపు జల్లెడ మీద పడితే, వందల వోల్టుల కింద ఉన్న ప్రవాహం అదే లయలో ఊగుతుంది. గిటారు యాంపుల్లో నేటికీ కనిపించే 12ఏఎక్స్7 వాల్వు పెంపు గుణకం 100. దానికే యూరప్‌లో ఈసీసీ83 అని పేరు. మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఆ వాల్వులు చేసింది. స్విచ్చి వేయగానే పలకకుండా, వేడెక్కాక నెమ్మదిగా గొంతు విప్పే వాల్వు రేడియో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

తూము పూర్తిగా తెరిచాక ఇంకా తెరవలేం, పూర్తిగా మూశాక ఇంకా మూయలేం. వాల్వుదీ అదే హద్దు. అలను హద్దు దాటించబోతే వాల్వు దాన్ని కత్తితో నరికినట్టు కాకుండా భుజాలు వంచినట్టు అణుస్తుంది. అలా వంగిన అలలో మూలస్వరంతో పాటు దాని పై స్థాయి స్వరమూ ఇతర హార్మోనిక్సూ పుడతాయి. 1973లో రసెల్ హామ్ అనే ఇంజనీరు వాల్వులనూ ట్రాన్సిస్టర్లనూ పోల్చి ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. హద్దులోపల పనిచేసేటప్పుడు రెండింటికీ వినిపించే తేడా పెద్దగా లేదనీ, హద్దు దాటించినప్పుడే అది బయటపడుతుందనీ అందులో చూపాడు. వాల్వు మహిమ గురించి ఎవరు మాట్లాడినా ఈ మాట మరువరాదు. శుభ్రమైన స్వరం కావలసిన వీణకో మాండొలిన్‌కో వాల్వు అవసరం దాదాపు లేదు. స్వరాన్ని పగలగొట్టాలనుకునే గిటారుకే దానితో పని.

అయితే పగిలిన స్వరమంతా వాల్వు చలవేనా? చరిత్ర చూస్తే కాదనిపిస్తుంది. 1951లో మెంఫిస్‌లో రికార్డయిన ‘రాకెట్ 88’లో గిటారు బరబరలాడటానికి కారణం దెబ్బతిన్న యాంప్ అనీ, దాని స్పీకర్ కోన్‌లో కాగితం కుక్కి వాయించారనీ చెబుతారు. లింక్ రే 1958లో ‘రంబుల్’ కోసం స్పీకర్‌కు పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. 1964లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ తన చిన్న యాంప్ స్పీకర్‌ను బ్లేడుతో కోశాడు. మూడు సందర్భాల్లోనూ దెబ్బ తగిలింది కాగితపు కోన్‌కే, అంటే బుర్రకే. ఇంతకంటే బలమైన సాక్ష్యం లండన్‌లో ఉంది. 1962లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన మొదటి యాంప్ అమెరికా ఫెండర్ బాస్‌మ్యాన్‌కు దాదాపు నకలు. కానీ ఫెండర్‌లో ఉన్నవి వెనక తెరిచిన పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు. మార్షల్ వాటి బదులు మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెషన్ స్పీకర్లు పెట్టాడు. వాల్వుల్లో, ట్రాన్స్‌ఫార్మర్లో మార్పులు కూడా ఉన్నాయి కాబట్టి తేడా అంతా పెట్టెదే అనను. అయినా ఒకే నక్షా నుంచి పుట్టిన ఆ రెండు యాంపులకు రెండు వేరు గొంతులు రావడంలో పెట్టె వాటా పెద్దది. గిటారు స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన ఉన్న ధ్వనులను బాగా తగ్గించేస్తుంది. పగిలిన అలలోని ముళ్లన్నీ అక్కడే ఉంటాయి. వాటిని గీకి నునుపు చేసే ఆ కాగితపు కోన్ లేకుండా పగిలిన స్వరాన్ని నేరుగా మైకుసెట్టుకు ఇస్తే వినిపించేది తేనెటీగల తుట్టె.

ఇప్పుడు మూడు దారులనూ ఈ కొలబద్దతో కొలవవచ్చు. వాల్వు యాంప్ తన బుర్రను తానే మోసుకొస్తుంది. అది దాని గొప్ప. కానీ పూర్తి గొంతు విప్పాలంటే దానికి ఊపిరి కావాలి. 1966లో జాన్ మేయల్ ఆల్బమ్ కోసం ఎరిక్ క్లాప్టన్ స్టూడియోలో మార్షల్‌ను వేదిక మీద వాయించినంత గట్టిగా పెట్టాలని పట్టుబట్టింది ఇందుకే. గిటారు స్పీకర్ ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెళ్లు పలుకుతుంది. 20 వాట్లకు 110 దాటిపోతుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగటి పరిమితి 55, రాత్రి 45. ఊళ్లో ఇంటి గదిలో ఈ యంత్రాన్ని దాని సహజ బలంతో వాయించడం కుదిరే పని కాదు. సాయంత్రం వోల్టేజీ పడిపోతే వాల్వు వేడి తగ్గి గొంతు నీరసిస్తుంది, పెరిగితే వాల్వు ఆయుష్షు తరుగుతుంది. దానికో స్టెబిలైజర్ తప్పదు. పైగా ఇవాళ గిటారు వాల్వుల తయారీ ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల్లోని కొద్ది ఫ్యాక్టరీలకే మిగిలింది. 2022లో రష్యా ఎగుమతులు ఆగుతాయనగానే ప్రపంచమంతా గిటారిస్టులు వాల్వులు కొని దాచుకున్నారు.

ప్రీయాంప్ పెడల్‌ది చిన్న ఒళ్లు. తొమ్మిది వోల్టులతో నడుస్తుంది, సంచిలో పడుతుంది. టంకం పట్టగలిగిన రేడియో మెకానిక్ చాలావాటిని బాగుచేయగలడు. 1989లో టెక్ 21 సంస్థ తెచ్చిన సాన్స్‌యాంప్ ఈ దారిలో పెద్ద మలుపు. అది వాల్వు వంపును మాత్రమే అనుకరించి ఊరుకోలేదు, స్పీకర్ చేసే నునుపును కూడా ఫిల్టర్లతో తనలోనే పెట్టుకుంది. కాబట్టి నేరుగా మిక్సర్‌కు కలపవచ్చు. కానీ ప్రీయాంప్ అని పేరున్న ప్రతి పెడల్‌లోనూ ఆ ఫిల్టర్ ఉండదు. లేనిది కొంటే బుర్ర లేని కిన్నెర కొన్నట్టే. కొన్నింటిలో నిజమైన వాల్వు వెలుగుతూ కనిపిస్తుంది. అలాంటివాటిలో కొన్ని ఆ వాల్వును వందల వోల్టుల మీద కాక చాలా తక్కువ వోల్టేజీ మీద నడుపుతాయి. అది పలికే తీరు పెద్ద యాంప్‌లోని వాల్వులా ఉండదు. వెలుగు చూసి డబ్బు ఇవ్వవద్దు.

డిజిటల్ మోడలింగ్ దారి 1995లో రోలాండ్ వీజీ-8తో గట్టిగా మొదలై, 1998లో లైన్ 6 వారి పాడ్‌తో సామాన్యులకు చేరింది. 2011లో కెంపర్ సంస్థ ఫలానా యాంప్‌ను ఫలానా మీటల అమరికలో విని ముద్ర తీసుకునే పెట్టెను తెచ్చింది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌కు యాంప్ ధ్వనిని నేర్పే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఇక్కడ ఒక భేదం గమనించాలి. స్పీకర్ పెట్టె మామూలు బలంలో సరళంగా ప్రవర్తిస్తుంది. రెట్టింపు ఇస్తే రెట్టింపు పలుకుతుంది. అలాంటి వస్తువుకు ఒక్క టపీమనే చప్పుడు ఇచ్చి దాని ప్రతిస్పందన రికార్డు చేస్తే చాలు, దాని గుణమంతా ఆ ముద్రలో ఉంటుంది. వాల్వు అలా కాదు. మెల్లగా మీటితే ఒక తీరు, గట్టిగా మీటితే మరో తీరు. దాన్ని పట్టడం కష్టం కాబట్టే తొలి మోడలర్లు ప్లాస్టిక్ గొంతుతో పలికాయి. ఇప్పుడా కష్టం చాలావరకు తీరింది.

మోడలర్ మీద వచ్చే అభ్యంతరాలు తేలికగా కొట్టేయదగ్గవి కావు. చేతికి తగిలే స్పర్శ మోడలర్‌లో లేదంటారు. ఆ స్పర్శలో ఒక భాగం గట్టిగా మీటినప్పుడు యాంప్ లోపలి వోల్టేజీ క్షణం కుంగి లేవడం. మంచి మోడలర్లు దాన్నీ లెక్కిస్తాయి. రెండో భాగం స్పీకర్ మోత తిరిగి తీగలను ఊపడం. అది హెడ్‌ఫోన్‌లో ఏ యంత్రానికీ రాదు, పెద్ద స్పీకర్ ముందు నిలబడితే మోడలర్‌కూ వస్తుంది. స్వరం ఆలస్యంగా వస్తుందంటారు. మూడు మిల్లీసెకన్ల ఆలస్యం అంటే యాంప్‌కు ఒక మీటరు దూరం జరిగి నిలబడినట్టే. ఇక సాఫ్ట్‌వేర్ పాతబడితే పెట్టె మూలపడుతుందనే అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. 1959 నాటి బాస్‌మ్యాన్ ఇవాళ కూడా టంకంతో బాగుపడుతుంది. 1998 నాటి పాడ్‌లో చిప్పు పోతే అంతే.

అందుకని నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉప్పునుంతల వంటి చోట, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో చర్చిలోనో వినాయక మండపంలోనో వాయించేవారికి నేను చెప్పేది స్పీకర్ ఫిల్టర్ ఉన్న ప్రీయాంప్ పెడల్‌నే ముందు కొనమని. అక్కడ జనం చెవికి చివరికి చేరేది మైకుసెట్టు స్పీకర్ గొంతే. దాని ముందు ఖరీదైన వాల్వు యాంప్ నిలబెట్టినా దాని గొంతు ఒక మైకు గుండా ఆ స్పీకర్‌కే వెళ్లాలి. ఇంట్లో రాత్రిపూట సాధన చేసేవారికి, పలు రకాల గొంతులు కావలసినవారికి మోడలర్ మేలు. గట్టిగా వాయించుకోగల గది, నమ్మకమైన కరెంటు, దగ్గర్లో మెకానిక్ ఉన్నవారు వాల్వు యాంప్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఆ ఆనందానికి సాటి లేదు.

ఇంకొక పని మిగిలి ఉంది. కిన్నెర సన్నటి గొంతు మైకుసెట్టు మోతలో నిలవడానికి పికప్ తగిలిస్తే బుర్ర గొంతు చాలావరకు పోతుంది. గిటారు పెట్టెలకు తీసినట్టే కిన్నెర బుర్రకూ ముద్ర తీయవచ్చు. తీగలు ఆనే చోట చిన్న సుత్తితో తేలిగ్గా తట్టి, ఎదురుగా మంచి మైకు పెట్టి రికార్డు చేయాలి. బుర్ర సరళమైన వస్తువు కాబట్టి ఆ ముద్ర నమ్మకంగా పలుకుతుంది. ఆ తర్వాత చిన్న పెడల్ ఒకటి దాన్ని పికప్ స్వరం మీద పరచగలదు. మైకు, ల్యాప్‌టాప్ ఉన్న సౌండు ఇంజనీర్లూ ఇంజనీరింగ్ విద్యార్థులూ కిన్నెర కళాకారుల దగ్గరకు వెళ్లండి. వారి అనుమతితో, వారికి తగిన పారితోషికం ఇచ్చి, ఆ బుర్రల గొంతు రికార్డు చేయండి.