బ్యాటరీ లేకున్నా ఆగని షట్టర్

పాకిస్తాన్‌లోని పెషావర్ సమీపాన, నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో 1984లో ఓ అఫ్ఘాన్ బాలిక కెమెరా వంక సూటిగా చూసింది. 1985 జూన్‌లో నేషనల్ జాగ్రఫిక్ ముఖచిత్రంగా వెలువడిన ఆ చూపును ప్రపంచం ఇప్పటికీ మరచిపోలేదు. ఆమె షర్బత్ గులా అని లోకానికి తెలియడానికే 2002 దాకా పట్టింది. ఇక స్టీవ్ మెకర్రీ చేతిలోని కెమెరా పేరు ఎవరికి కావాలి? అది నికాన్ ఎఫ్ఎం2.

1982లో జపాన్ నుంచి వచ్చిన ఈ ఎస్ఎల్ఆర్ చూడ్డానికి సాదాసీదా. కానన్ ఏఈ-1 వంటి ఎలక్ట్రానిక్ కెమెరాలు అప్పటికే జోరు మీదున్నాయి. కాకపోతే బ్యాటరీ అయిపోతే వాటి షట్టర్ కదలదు. ఎఫ్ఎం2లో షట్టర్‌ను నడిపేవి స్ప్రింగులు, పళ్ల చక్రాలే. రెండు బొత్తాం బ్యాటరీలున్నా అవి వెలుతురు కొలిచే మీటర్‌కే. కరెంటు లేని శిబిరంలోనైనా, గడ్డకట్టే చలిలోనైనా ఫొటో పడుతుంది.

అలాంటి యంత్రం సెకనులో 4,000వ వంతు వేగాన్ని అందుకోవడమే అసలు విశేషం. పలుచని టైటానియం రేకులపై తేనెపట్టు గళ్లు అచ్చొత్తి, బరువు పెరగకుండా బిగువు తెచ్చారు. ఫ్లాష్‌తో కలిసి పనిచేసే వేగం మొదట 200వ వంతు. 1984లో అది 250వ వంతుకు చేరింది. మిట్టమధ్యాహ్నం తలపాగా నీడలో నల్లబడే ముఖాన్ని ఫ్లాష్‌తో వెలిగించాలనుకునే వారికి ఇది చిన్న లాభం కాదు.

వ్యూఫైండర్‌లో ప్లస్, సున్నా, మైనస్ అని మూడు ఎర్ర దీపాలు. అంతే. మీటర్ దృష్టిలో లోకమంతా బూడిదరంగే. తెల్ల ధోవతిని చూసి వెలుతురు ఎక్కువైందంటుంది. దాని మాట వింటే ధోవతి మాసినట్టు పడుతుంది. నల్ల గేదెను చూసి వెలుతురు చాల్లేదంటుంది. వింటే గేదె వెలిసిపోతుంది. ఎప్పుడు వినాలో, ఎప్పుడు కాదనాలో తేల్చుకోవలసింది ఫొటోగ్రాఫరే. 36 ఫొటోల రీలుతో ఆ విద్య నేర్చుకోవడం ఖరీదైన వ్యవహారమే. లోపాలూ లేకపోలేదు. మీటర్ మేల్కొనాలంటే ఫిల్ము తిప్పే మీటను కాస్త బయటికి లాగి ఉంచాలి. ఎడమ కంటితో చూసే అలవాటున్న వారికి అది నుదుటికి గుచ్చుకుంటుంది.

2001లో ఎఫ్ఎం2 తయారీ ఆగిపోయింది. దాని రూపురేఖలతో నికాన్ 2021లో జెడ్ ఎఫ్‌సీ, 2023లో జెడ్ ఎఫ్ అనే డిజిటల్ కెమెరాలు తెచ్చింది. డయళ్లు అవే, కానీ బ్యాటరీ లేనిదే అడుగు కదలవు. పాత ఎఫ్ఎం2 కొనేవారు ముందు వెనక తలుపు తెరిచి చూడాలి. వెలుతురు చొరబడకుండా అంటించిన స్పాంజి పట్టీలు ఏళ్లు గడిస్తే తారులా జిగటగా మారతాయి. వాటిని మార్చడం తేలికే. షట్టర్ రేకుల సంగతి వేరు. ఫిల్ము ఎక్కించేటప్పుడు బొటనవేలు తగిలి సొట్టపడితే, తరచూ మరో ఎఫ్ఎం2ను విప్పి ఆ రేకులు తీయాల్సిందే.